పదికి పది వెనక

మా నెల్లూరు జిల్లాకు సగం సగం ఇవ్వడం చేతకాదని బయటివాళ్లు ఎగతాళి చేస్తుంటారు. 2019లో ఉమ్మడి జిల్లాలోని 10 అసెంబ్లీ స్థానాలూ వైఎస్సార్ కాంగ్రెస్‌కే పోయాయి. 2024లో ఆ పదీ తెలుగుదేశానికి వచ్చాయి. మా విడవలూరు మండలం కోవూరు నియోజకవర్గం కిందికి వస్తుంది. 2019లో ఇక్కడ గెలిచిన నల్లపరెడ్డి ప్రసన్నకుమార్ రెడ్డి, 2024లో వేమిరెడ్డి ప్రశాంతి రెడ్డి చేతిలో 50 వేలకు పైగా ఓట్ల తేడాతో ఓడిపోయారు. రెండుసార్లూ జనం అన్నది ఒకటే మాట: గాలి. సముద్రం పక్కన పెరిగినదాన్ని నేను. గాలి మారిందని ఇక్కడ చిన్నపిల్లవాడైనా చెబుతాడు. ఏ మూల నుంచి తిరిగిందో తెలిసినవాడే పడవ దించుతాడు.

2019లో రాష్ట్రం మొత్తం మీద వైఎస్సార్ కాంగ్రెస్‌కు దాదాపు 50 శాతం ఓట్లు, 151 సీట్లు. 2024లో 39 శాతం ఓట్లు, 11 సీట్లు. నికరంగా నూటికి పదకొండు మంది కదిలారు. విడివిడిగా ఉన్న ఎదుటి పార్టీలు ఈసారి ఒక్కటయ్యాయి. సీట్ల పట్టిక మాత్రం ఊళ్లకు ఊళ్లే మనసు మార్చుకున్నట్టు చూపిస్తుంది.

ఓట్లకూ సీట్లకూ పొంతన లేని ఈ లెక్క మా ప్రాంతానికి కొత్తది కాదు. మా మండలంలోని అలగానిపాడులో 1913లో పుట్టిన పుచ్చలపల్లి సుందరయ్య 1930లలోనే సొంత ఊళ్లో వ్యవసాయ కూలీలను కూడగట్టారు. 1952 ఎన్నికల్లో ఆంధ్ర ప్రాంతంలోని 140 సీట్లలో కమ్యూనిస్టులకు 41 వచ్చాయి. తరువాత ఆంధ్ర రాష్ట్రం ఏర్పడింది, ప్రకాశం పంతులు ముఖ్యమంత్రి అయ్యారు. ఏడాది దాటగానే, 1954 నవంబరులో, ఒకే ఒక్క ఓటు తేడాతో ఆయన ప్రభుత్వం కూలింది. కూల్చిన అంశం మద్యనిషేధం. నిషేధం పనిచేయడం లేదు, ఎత్తేయమని రామమూర్తి కమిటీ చెప్పింది. ప్రభుత్వం ఒప్పుకోలేదు. కల్లుగీత మీద బతికేవాళ్ల పక్షాన గౌతు లచ్చన్న, కమ్యూనిస్టులు నిలబడ్డారు.

1955 ఎన్నికల్లో కాంగ్రెసు, ప్రకాశం, లచ్చన్న అంతా ఒక కూటమిగా వచ్చారు. 196 సీట్లలో వాళ్లకు 146, కమ్యూనిస్టులకు 15. కమ్యూనిస్టులను ప్రజలు తిరస్కరించారని పుస్తకాల్లో రాసుకున్నాం. కానీ వాళ్లకు వచ్చిన ఓట్లు 31 శాతం, అంటే 1952 కంటే ఎక్కువే. సుందరయ్య కృష్ణా జిల్లా గన్నవరం నుంచి గెలిచి ప్రతిపక్షంలో కూర్చున్నారు. ముఖ్యమంత్రి అయిన బెజవాడ గోపాలరెడ్డిది బుచ్చిరెడ్డిపాలెం. ఇవాళ అలగానిపాడూ బుచ్చిరెడ్డిపాలెమూ ఒకే నియోజకవర్గంలో ఉన్నాయి.

మళ్లీ మద్యమే ఎన్నికల్లోకి వచ్చిన కాలం నేను కళ్లారా చూశాను. 1983లో ఎన్టీఆర్ ప్రభుత్వం కిలో రెండు రూపాయల బియ్యం ఇచ్చింది. ఆ ప్రభుత్వమే వారుణి వాహిని పేరుతో సారాను ప్యాకెట్లలోకి తెచ్చింది. అంగడిదాకా నడిచి తెచ్చుకోవాల్సిన సారా గుడిసె ముందుకే రాసాగింది. మా పెన్నా డెల్టాలో నాట్లకు దిగేది ఆడవాళ్లే. కయ్యల్లో పొద్దంతా వంగి తెచ్చిన కూలితో ఉప్పూ పప్పూ వచ్చేవి. మగవాడి కూలి దారిలోనే ప్యాకెట్లకు అయిపోయేది.

1991 జనవరిలో నెల్లూరు జిల్లాలో పెద్దలకు చదువు నేర్పే అక్షర దీపం కార్యక్రమం మొదలైంది. నాకప్పుడు చదువు అయిపోయింది, ఉద్యోగం రాలేదు. మా వీధి కేంద్రంలో వాలంటీరుగా చేరాను. రాత్రి అన్నాలయ్యాక పలకలు పట్టుకొని వచ్చేవాళ్లు. పగలంతా బురదలో నానిన వేళ్లకు బలపం నిలిచేది కాదు. వాచకంలో ‘సీతమ్మ కథ’ అని ఒక పాఠం, సారా కూల్చిన సంసారం గురించి. ఆ పాఠం వచ్చిన రాత్రి అక్షరాలు దిద్దడం సాగలేదు. ఒక్కొక్కరూ తమ ఇంటి సంగతి చెప్పుకుంటూ పోయారు. ఆ తరువాత దూబగుంట కథ వచ్చింది. కలిగిరి మండలంలోని ఆ మెట్ట ఊళ్లో వర్ధినేని రోశమ్మతోపాటు ఆడవాళ్లంతా కలిసి సారా అంగడి మూయించారని చదివాం. "మెట్టోళ్లు చేసింది మనం చెయ్యలేమంటే ఎట్టమ్మా?" అందొకామె. నీళ్లున్న ఊళ్లవాళ్లం మెట్టవాళ్లను కాస్త తక్కువగా చూసేవాళ్లం. ఆ మాట అందరికీ తగిలింది.

1992లో జిల్లాలో సారా వేలం పాటలు పెట్టడం, ఆడవాళ్లు అడ్డుపడటం, పాట వాయిదా పడటం, ఇదే వరస. అప్పటి ముఖ్యమంత్రి నేదురుమల్లి జనార్దనరెడ్డి మా జిల్లావారే. ఆ అక్టోబరులో ఆయన వేరే వివాదంలో పదవి వదిలారు. 1993 ఏప్రిల్ 15 నుంచి నెల్లూరు జిల్లాలో, అక్టోబరు 1 నుంచి రాష్ట్రమంతా సారాను నిషేధించింది కోట్ల విజయభాస్కరరెడ్డి ప్రభుత్వం. సారా ఆపింది కాంగ్రెసే, 1994 డిసెంబరులో 26 సీట్లకు పడిపోయిందీ కాంగ్రెసే. తెలుగుదేశానికి 216 వచ్చాయి. సంపూర్ణ నిషేధం తెస్తానన్న ఎన్టీఆర్‌ను జనం నమ్మారు. ప్యాకెట్లు తెచ్చిన మనిషి ఆయనే కదా అని నేనంటే, మా కేంద్రంలోని పెద్దావిడ, "తెచ్చినోడి చేతనే తీయించాల" అంది. రెండు రూపాయల బియ్యం తిరిగి ఇస్తామన్న మాటా పనిచేసింది. ఐదేళ్లలో ముగ్గురు ముఖ్యమంత్రులను చూసిన విసుగూ పనిచేసింది.

అప్పటికి నేను ఉద్యోగంలో చేరాను. ఆ ఎన్నికకు వేరే ఊళ్లో డ్యూటీ పడింది. బ్యాలెట్ కౌంటర్‌ఫాయిల్ మీద సంతకమో వేలిముద్రో తీసుకోవడం నా పని. అలవాటు కొద్దీ ఇంకు ప్యాడ్ ముందుకు జరిపేదాన్ని. చాలామంది దాన్ని పక్కకు నెట్టి పెన్ను అడిగారు. ఒక్కో సంతకానికి అంతసేపు పడుతుంటే వెనక వరుసలో మగవాళ్లు గొణిగారు. సంతకం పెడుతున్న ఆవిడ మాత్రం ఆఖరి సున్నా చుట్టేదాకా తల ఎత్తలేదు.

1995 జనవరిలో వచ్చిన నిషేధాన్ని 1997లో చంద్రబాబు నాయుడు ప్రభుత్వం సడలించింది. 1999లో ఆయన పార్టీయే మళ్లీ గెలిచింది. ఆడవాళ్లు మరిచిపోయారా? లేదు, వాళ్ల లెక్క మారింది. సారా ఆగిన కాలంలోనే మా జిల్లాలో పొదుపులక్ష్మి పుట్టింది. రోజుకు ఒక రూపాయి దాచే సంఘాలవి. వాటి మీద బ్యాంకు అప్పులొచ్చాయి, తరువాత గ్యాసు కనెక్షన్లు, పావలా వడ్డీలు. ఆనాటి నుంచి పార్టీల మేనిఫెస్టోల్లో సంఘం ఆడవాళ్ల పేరు వస్తూనే ఉంది.

2019లో జగన్మోహన్ రెడ్డి దశలవారీ నిషేధం అన్నారు. అది ప్రభుత్వ అంగళ్లూ, పెరిగిన ధరలూ, పేరు తెలియని సీసాలూ అయింది. 2024 ప్రచారంలో తెలుగుదేశం మంచి మద్యం తక్కువ ధరకు ఇస్తామంది. గెలిచిన ఏడాదే 99 రూపాయల క్వార్టర్ సీసా వచ్చింది. 1994లో ఏ పార్టీ తాగేవాడి భార్య మొర విందో, 30 ఏళ్లకు ఆ పార్టీయే తాగేవాడి మొర కూడా వింది. దానికి నాకు కోపం లేదు. వాడికీ ఓటుంది.

పోలింగ్ రోజు రెండు గంటలకోసారి మగవాళ్లెందరు, ఆడవాళ్లెందరు వేశారని పైకి పంపుతాం. లెక్కింపులో ఆ విభజన ఉండదు, ఓటు రహస్యం కాబట్టి ఉండకూడదు కూడా. అందుచేత 1994 ఆడవాళ్ల గెలుపు అనడానికి అంకెల్లో రుజువు దొరకదు. రుజువంతా అంతకు రెండేళ్ల ముందు వీధుల్లో, పాటలు జరగనివ్వని చోట ఉంది. వచ్చే ఎన్నికలో ఇక్కడ ఎవరని అడిగేవాళ్లకు నేను పార్టీ పేరు చెప్పను. రొయ్య కౌంటు ధర, సంఘం అప్పు వాయిదా, బెల్టుషాపు ఏ వీధిలో ఉందీ కనుక్కొని రమ్మంటాను. పదికి పది వచ్చాక ఇవి అడిగితే ఆలస్యమైనట్టే.