అడవి కాని అడవి

న్యూయార్కు మ్యూజియం ఆఫ్ మోడర్న్ ఆర్ట్‌లో 'ద జంగిల్' అని ఒక పెద్ద బొమ్మ ఉంది. రమారమి ఎనిమిదడుగుల ఎత్తు, దాదాపు అంతే వెడల్పు. కాన్వాసు మీద వేసింది కాదు, కాగితం మీద వేసి కాన్వాసుకి అతికించారు. వేసినవాడు క్యూబా సర్రియలిస్టు విఫ్రెడో లామ్.

లామ్ 1902లో సాగువా లా గ్రాండే అనే చెరకు సీమ ఊళ్ళో పుట్టాడు. తండ్రి చైనా నుంచి వలస వచ్చినవాడు. తల్లి పూర్వీకుల్లో ఆఫ్రికా బానిసలున్నారు. 1847, 1874 మధ్య క్యూబా తోటల్లోకి లక్షకు పైగా చైనా కూలీలని ఒప్పందాల మీద దింపారు. 1860 తర్వాత మద్రాసులో నెటాల్ ఓడలెక్కిన మన తెలుగువాళ్ళనీ పిలిచింది ఆ చెరకే.

1940లో నాజీలు పారిస్ మీదకి వస్తుంటే లామ్ మార్సే రేవుకి పారిపోయాడు. అక్కడ ఆండ్రె బ్రెటన్ బృందంతో పాటు వీసాల కోసం పడిగాపులు. (ఆ పడిగాపులేమిటో మనకి ఎవరూ చెప్పక్కర్లేదు లెండి!) ఆ నెలల్లో చిన్న చిన్న కాగితాల మీద సిరాతో గీసుకుంటూ పోయాడు. జంతువు తల ఉన్న స్త్రీలు, కొమ్ములు, రెక్కలు, ఆకులైపోయిన జుట్టు. కొన్ని బ్రెటన్ కవిత 'ఫాటా మోర్గానా'కి బొమ్మలయ్యాయి.

1941లో పద్దెనిమిదేళ్ళ తర్వాత స్వదేశం చేరాక, ఆ రూపాలకే కొత్త అర్థం వచ్చింది. అతని జ్ఞానమాత మాంటోనికా విల్సన్ సాంటెరియా పూజారిణి. ఆ మతంలో పూనకం వచ్చిన మనిషిని గుర్రం అంటారు. దేవత ఎక్కి స్వారీ చేస్తుందన్నమాట. లామ్ గుర్రపుముఖం స్త్రీ వింత కల కాదు, పూనకంలో ఉన్న మనిషి. పూనకం తెలిసిన మనం ఆమెని బ్రెటన్ కంటే తేలిగ్గా గుర్తుపడతామని నా నమ్మకం. కొమ్ములున్న గుండ్రటి చిన్న తల కూడళ్ళు కాచే ఎలెగ్వా.

1942-43లో వేసిన 'ద జంగిల్'లో వీళ్ళందరూ చెరకు గడల మధ్య కిక్కిరిసి నిలబడ్డారు. చెరకు అడవిలో మొలవదు, ఎవరో ఎవరిచేతో నాటించాలి. కుడివైపు పైన ఒక చేతిలో కత్తెర ఉంది. చూడండి.

మ్యూజియం ఆ బొమ్మని 1945లో కొంది. కొని, చాలా ఏళ్ళు కోట్లు తగిలించే గది పక్క నడవాలో పెట్టింది. అక్కడెందుకు పెట్టారని కవి జాన్ యావ్ 1988లో వ్యాసం రాశాడు. లామ్ జీవితకాల కృషిని అదే మ్యూజియం పెద్ద ప్రదర్శనగా పెట్టింది 2025 నవంబరులో, బొమ్మ కొన్న 80 ఏళ్ళకి.