మన చెరకు ఊళ్లకు పటం ఏదీ?

మా నిజామాబాద్ వైపు పొలాలు వేయాలని కూర్చుంటే ఎవరి చెయ్యి అయినా ముందు ఆకుపచ్చ రంగు మీదికే పోతుంది. బోధన్ రోడ్డు పొడవునా వరి మళ్లు, కాలువ గట్లు, అక్కడక్కడా చెరకు తోటలు. ఇంటిపని అయ్యాక దొరికే గంటా రెండు గంటల్లో వాటర్ కలర్లతో నేను వేసేవి ఇవే. నాకు ఎవరూ నేర్పలేదు, ఎక్కడా చదవలేదు. చూడటం, వేయడం, అంతే. కానీ వేయగా వేయగా ఒక ప్రశ్న నన్ను పట్టుకుంది. ఈ పచ్చదనం ఎప్పటిది? మా అమ్మమ్మ వాళ్లమ్మ చూసిన ఇందూరు కూడా ఇలాగే ఉండేదా?

ఉండేది కాదు. ఈ పచ్చదనానికి ఇంకా వందేళ్లు కూడా నిండలేదు.

ఒకప్పుడు ఇక్కడ చెరువుల కింద కొంత వరి, మిగతాదంతా వాన మీద ఆధారపడ్డ జొన్నల్లాంటి మెట్ట పంటలు. 1923లో మంజీర నది మీద, అచ్చంపేట దగ్గర ఆనకట్ట పని మొదలైంది. 1931కి పూర్తయింది. అదే నిజాంసాగర్. దాన్ని కట్టించిన ఇంజనీరు నవాబ్ అలీ నవాజ్ జంగ్. దాదాపు మూడు కిలోమీటర్ల కట్ట, 2,75,000 ఎకరాల ఆయకట్టు. మనం ఆదివారం పిల్లల్ని తీసుకుపోయే అలీసాగర్ కూడా ఆ రోజుల్లో కట్టిందే.

నీళ్ల వెంట మనుషులు వచ్చారు. కృష్ణా, గుంటూరు, గోదావరి జిల్లాల నుంచి రైతు కుటుంబాలు వచ్చి వర్ని, కోటగిరి, బోధన్ చుట్టుపక్కల భూములు తీసుకుని దిగాయి. వాళ్లు దిగిన చోట్లకు 'క్యాంపు' అని పేరు పడింది. ఇప్పటికీ ఇటువైపు ఎన్నో ఊళ్ల పేర్ల చివర క్యాంపు అనే మాట ఉంటుంది. దసరాకు బతుకమ్మ, సంక్రాంతికి గొబ్బెమ్మలు, రెండూ ఒకే వీధిలో కనిపించేది ఇందుకే.

నీళ్ల వెంట చెరకు కూడా వచ్చింది. 1937లో బోధన్‌లో నిజాం షుగర్ ఫ్యాక్టరీ పెట్టారు. శక్కర్ అంటే ఉర్దూలో చక్కెర కదా, ఆ ఫ్యాక్టరీ చుట్టూ పుట్టిన ఊరికి శక్కర్‌నగర్ అని పేరు. ఒకప్పుడు ఆసియాలోనే పెద్ద చక్కెర ఫ్యాక్టరీ అని పేరుపడింది. 2002లో అది ప్రైవేటు చేతికి పోయింది, 2015 డిసెంబరులో మూతపడింది. గానుగ ఆడే చోటు లేకపోతే రైతు చెరకు ఎందుకు వేస్తాడు? చాలామంది వరికి మారారు.

రంగులు కలిపేవాళ్లకు ఈ మార్పు కాగితం మీదే తెలుస్తుంది. చెరకు పచ్చలో కొంచెం నీలం కలవాలి, ఆకు మధ్య ఈనె కోసం తెల్లటి గీత వదలాలి. వరి పచ్చలో పసుపు ఎక్కువ, కోతకు వచ్చేసరికి బంగారు రంగు. ఒకే పొలాన్ని పదేళ్ల తేడాతో వేస్తే నీలం తగ్గి పసుపు పెరుగుతుంది. ఒక ఫ్యాక్టరీ మూతపడిన సంగతి రంగుల పళ్లెంలోనే కనిపిస్తుందన్నమాట.

అయితే ఇదంతా బొమ్మల్లో ఎక్కడైనా నిలిచిందా? ఇది ఆలోచిస్తుంటే నాకు చేర్యాల పటాలు గుర్తొస్తాయి.

చేర్యాల ఇప్పుడు సిద్దిపేట జిల్లాలో ఉంది. అక్కడి నకాషీ కళాకారులు బట్టకు గంజి, సుద్ద, చింతగింజల జిగురు పట్టించి, ఎర్రటి నేల మీద వరసగా గళ్లు గళ్లుగా కథ వేస్తారు. ఆ పటాలు ఇంట్లో తగిలించుకోవడానికి పుట్టినవి కావు. ఊరూరా తిరిగి కథ చెప్పేవాళ్ల కోసం వేసినవి. ప్రతి వృత్తి కులానికీ తన కథ ఉండేది, ఆ కథకు ఒక పటం ఉండేది. పద్మశాలీలకు మార్కండేయ పురాణం, దాన్ని చెప్పేవాళ్లు కూనపులివాళ్లు. గౌడులకు గౌడ పురాణం. కథకుడు ఒక్కో బొమ్మ చూపిస్తూ పాడుతుంటే, మగ్గం నేసే మనిషి తన పని ఎక్కడ పుట్టిందో కళ్లారా చూసుకునేవాడు. చదువు రానివాళ్లకు కూడా చేతిపని చరిత్ర బొమ్మల్లో దొరికేది. గోదావరి దాటితే వచ్చే మన నిర్మల్‌లో కూడా పొనికి కర్రతో బొమ్మలు చేసేది నకాషీ వాళ్లే.

ఆ నకాషీ పద్ధతిని దగ్గరగా చూసి తన కుంచెలోకి తెచ్చుకున్నవారు సిద్దిపేట కాపు రాజయ్య గారు (1925–2012). ఆయన డ్రాయింగు మాస్టారు. బోనాలు ఎత్తినవాళ్లు, బతుకమ్మ ఆడేవాళ్లు, వడ్డెర ఆడవాళ్లు ఆయన బొమ్మలకు మనుషులు. బూరుగుపల్లిలో పుట్టిన తోట వైకుంఠం గారు బరోడా దాకా పోయి చదువుకుని వచ్చి, చివరికి తన ఊరి ఆడవాళ్ల పెద్ద బొట్టు, ముదురు రంగు చీరల దగ్గరే నిలబడ్డారు. ఇద్దరినీ చూస్తే నాకు అర్థమైంది ఒకటే. బొమ్మకు కావలసింది మన వాకిట్లోనే ఉంది. కానీ వాకిట్లోకి తేరిపార చూడాలి.

తేరిపార చూస్తే మా వైపు ఏం కనిపిస్తుంది? బీడీలు చుట్టే ఆడవాళ్లు.

మగ్గాలు తగ్గిపోయాక మన పద్మశాలీ కుటుంబాల్లో ఎంతోమంది మగవాళ్లు భివండీ, షోలాపూర్ పోయారు. ఇక్కడ ఉండిపోయిన ఆడవాళ్ల ఒళ్లోకి చాట వచ్చింది. ఆ ఒక్క కులమే కాదు, నిజామాబాద్, కామారెడ్డి ఊళ్లలో అన్ని కులాల ఆడవాళ్లూ చుడతారు. తునికాకు నానబెట్టడం, కత్తెరతో కొలతకు కత్తిరించడం, చిటికెడు తంబాకు పరచడం, చుట్టడం, దారం కట్టడం, కొస మడవడం. కూలి వెయ్యి బీడీల లెక్కన. పిల్లల ఫీజులు, ఇంటి కిరాయి ఆ చాటలోంచే వచ్చిన ఇళ్లు ఎన్నో. ఆ తంబాకు దుమ్ము పీల్చి దగ్గుతో మంచం పట్టిన వాళ్లూ ఉన్నారు.

మార్కండేయ పురాణం పటంలో నేతపనికి చోటుంది. ఆ నేతగాళ్ల మనవరాళ్లు చేసిన పనికి పటం లేదు. కాలువ తవ్వినవాళ్లకు లేదు, చెరకు నరికినవాళ్లకు లేదు, శక్కర్‌నగర్ క్వార్టర్లలో సైరన్ మోతతో పొద్దున లేచి క్యారియర్లు కట్టిన ఇల్లాళ్లకూ లేదు. ఈ కథ చెప్పడానికి ఏ కూనపులి ఆయనా రాడు.

అందుకే ఈ మధ్య పొలాలు తగ్గించి చేతులు వేస్తున్నాను. మా వీధిలో ఒకామెను అడిగితే మొదట నవ్వింది. "నా చేతులేం మంచిగున్నయక్కా, ఆకు కోసి కోసి నల్లగైనయి" అంది. వేస్తుంటే మాత్రం పని ఆపకుండానే ఓరగా చూసి, "చాట గూడ ఎయ్యాలె. చాట లేకుంట ఉత్త చేతులు ఎవ్వలకు ఎర్కైతయి?" అంది. నిజమే. పనిముట్టు లేకపోతే ఆ చేయి ఎవరిదైనా కావచ్చు. పక్కన చాట, కత్తెర, దారం ఉండ ఉంటేనే అది మా నిజామాబాద్ ఆడమనిషి చేయి.

చేర్యాల పటంలా నేనూ గళ్లు గీసుకున్నాను. మొదటి గడిలో జొన్న చేను. రెండో దాంట్లో నిజాంసాగర్ కట్ట, మూడో దాంట్లో క్యాంపు ఇళ్లు, నాలుగో దాంట్లో చెరకు బండ్ల వరస, వెనక పొగ గొట్టం. ఐదో గడిలో అదే గొట్టం, పొగ లేకుండా. ఆరో గడి మొత్తం చాట, చేతులు. గీతలు పెద్ద కళాకారుల గీతల్లా ఉండవు, ఉండాల్సిన అవసరం కూడా లేదు. ఫ్యాక్టరీ చూడని మా పిల్లలు దాని ముందు నిలబడి, "ఇదేంటి, ఇదెప్పుడు?" అని అడిగితే చాలు.

ముగ్గు వేయడం వచ్చిన చేతికి గీత రాకపోవడం ఉండదు. గునుగు పూలకు రంగులద్ది బతుకమ్మ పేర్చేవాళ్లకు ఏ రంగు పక్కన ఏది నప్పుతుందో ఒకరు చెప్పాల్సిన పని లేదు. మీ అమ్మ, మీ అత్తమ్మ ఏ పని చేసి ఇల్లు నడిపారో, ఆ పనిలో వాళ్ల చేతులు ఎలా ఉండేవో ఒక్క బొమ్మ వేయండి. వెనక ఊరి పేరు, సంవత్సరం, ఆ పనికి మీ ఇంట్లో వాడే మాటలు రాయండి. పనిముట్టు మాత్రం మరవకండి.