తుపాకికి తాళము: మాజీ సైనికుల ప్రాణరక్షణ

యుద్ధరంగమున శత్రువు గుండును తప్పించుకొని ఇల్లు చేరిన సైనికుడు, కొన్నియేండ్ల పిమ్మట తన తుపాకికే తాను బలియగుట కంటె విషాదమేమున్నది? అమెరికా సంయుక్తరాష్ట్రములలో ఇది అరుదైన సంగతి కాదు. ఆ దేశపు మాజీ సైనికుల వ్యవహారముల శాఖ లెక్కల ప్రకారము 2022వ సంవత్సరములో 6,407 మంది మాజీ సైనికులు ఆత్మహత్య చేసికొనిరి. అనగా సగటున దినమునకు పదిహేడుగురికి పైగా. ఈ మరణములలో నూటికి 73 తుపాకి వలన కలిగినవే.

చావదలచినవానిని తాళము ఆపగలదా, ఒక సాధనము దొరకకున్న మరియొకటి వెదకికొనడా అని ఎవరికైనను తోచును. ఈ సందేహమునకు మొదటి సమాధానము తుపాకులతో సంబంధములేని ఇంగ్లండు నుండి వచ్చినది. ఒకప్పుడు అచటి ఇండ్లలో వంటకు బొగ్గునుండి తీసిన వాయువును వాడెడివారు. అందులో కార్బన్ మోనాక్సైడ్ అను విషవాయువు అధికముగా నుండెడిది. 1963లో ఇంగ్లండు, వేల్సులలో జరిగిన 5,714 ఆత్మహత్యలలో 2,368 ఈ వాయువు వలననే. తరువాత విషము తక్కువైన వాయువును, పిదప ఉత్తర సముద్రపు సహజవాయువును గొట్టములలో పంపసాగిరి. 1975 నాటికి వాయువు వలని మరణములు 23కు దిగినవి. అంతకంటె ముఖ్యమైన విషయ మేమనగా, మొత్తము ఆత్మహత్యలు కూడ 3,693కు తగ్గినవి. సాధనము దూరమైనవారిలో అధికులు వేరొక మార్గము పట్టలేదన్నమాట.

దీనికి కారణ మేమి? ఆత్మహత్యా సంకల్పము ఎల్లప్పుడు నిలిచియుండునది కాదు. అది ఉప్పెనవలె వచ్చి, తగ్గిపోవును. అమెరికాలోని హ్యూస్టన్ నగరములో మరణపు అంచు వరకు పోయి బ్రతికిన 153 మంది యువజనులను ప్రశ్నింపగా, సుమారు నాల్గవవంతు మంది తాము నిశ్చయించుకొన్న అయిదు నిమిషములలోపలనే ఆ పనికి పూనుకొంటిమని చెప్పిరి. ఈ పరిశోధన 2001లో వెలువడినది. ఆ కొద్దికాలము గడచినచో మనస్సు మరలవచ్చును. కాని తుపాకి ఆ అవకాశము నీయదు. దానితో చేసిన ప్రయత్నములలో పదింట తొమ్మిది ప్రాణాంతకములే.

సైన్యములలో ఈ సూత్రమును పరీక్షించిన దేశము ఇజ్రాయెలు. అచటి యువసైనికులు వారాంతపు సెలవులకు తుపాకులతో ఇంటికి పోవుట వాడుక. 2006లో ఆయుధములను స్థావరముననే విడిచి పోవలెనని సైన్యము నియమము చేసినది. తరువాత ఆత్మహత్యల రేటు సుమారు నూటికి 40 వంతులు తగ్గినది. తగ్గుదల ముఖ్యముగా వారాంతములలోనే కనబడినది. తక్కిన దినములలో చెప్పుకోదగిన మార్పు లేదు. నియమమే దీనికి కారణమని చెప్పుటకు ఇంతకంటె స్పష్టమైన సూచన దొరకుట కష్టము.

అమెరికాలో శాసనముల త్రోవ వేరు. అచట తుపాకిని భద్రపరచు చట్టములు మొదట పసిబిడ్డల కొరకు పుట్టినవి. పిల్లల చేతికి అందునట్లు తుపాకిని విడుచుట నేరమని 1989లో ఫ్లోరిడా రాష్ట్రము మొట్టమొదట శాసించినది. వాడుకలో లేని తుపాకికి తాళముండవలెనని 1998లో మసాచుసెట్స్ నిర్ణయించినది. చేతితుపాకి అమ్ము వర్తకుడు దానితోపాటు తాళమును గాని, తత్సమానమైన సాధనమును గాని ఇయ్యవలెనని 2005లో సమాఖ్య చట్టము వచ్చినది. 2008లో సుప్రీంకోర్టు, ఇంటిలోని తుపాకి ఆత్మరక్షణకు అక్కరకు రాకుండ ఎల్లప్పుడు కట్టియుంచవలెనన్న వాషింగ్టన్ నగరపు నిబంధనను కొట్టివేసినది. అయితే ప్రమాదనివారణకై భద్రపరచుమను చట్టములకు తన తీర్పు అడ్డుకాదని కూడ చెప్పినది.

సైనికుల విషయమున మరియొక చిక్కు వచ్చినది. సైనికుని సొంత తుపాకులను గూర్చిన సమాచారము సైన్యము సేకరింపరాదని 2011 జనవరిలో ఆమోదము పొందిన రక్షణ శాసనములో ఒక నిబంధన చేరినది. దానివలన, ఆపదలోనున్న సైనికుని "ఇంటిలో తుపాకి యున్నదా?" అని అడుగుటకే అధికారులు సంకోచించిరి. రెండేండ్లలో ఆ పొరపాటు గుర్తింపబడినది. ఆత్మహత్యా ప్రమాదమున్నదని తోచినప్పుడు అధికారులు, మానసిక వైద్యులు ఆ ప్రశ్న అడుగవచ్చునని 2013 జనవరిలో శాసనమును సవరించిరి. ఒక్క ప్రశ్న అడుగుటకు సైతము చట్టము కావలసివచ్చినది!

ఇంతకును తాళము మాత్రమే చాలునా? బిడ్డకు తాళపుచెవి దొరకదు. కాని మాజీ సైనికునికి తన తాళపుచెవి తనయొద్దనే యుండును. పిల్లలకొరకు చేసిన చట్టము అతనియెడ సగము పనియే చేయును. తాళము తీయుటకు పట్టు కొన్ని నిమిషములు మాత్రము లాభము. కావున కష్టకాలమున తుపాకి ఇల్లు దాటి, నమ్మకమైన మిత్రుని యొద్దనో, అంగడిలోనో కొంతకాల ముండుట మేలు. దీనికిని చట్టమే అడ్డురాగలదు. తనిఖీ లేనిదే తుపాకి చేతులు మారరాదన్నచోట, దాచిపెట్టిన మిత్రుడే దోషి కావచ్చును. అందుచేతనే 2014లో వాషింగ్టన్ రాష్ట్రము అట్టి తనిఖీలను విధించినప్పుడు, ఆసన్నమరణమును తప్పించుటకు తాత్కాలికముగా తుపాకిని అప్పగించుటను మినహాయించినది.

బలవంతముగా లాగుకొందురన్న భయము కలిగినచో మాజీ సైనికుడు వైద్యుని గడపయే త్రొక్కడు. అందువలన ఆ దేశపు మాజీ సైనికుల శాఖ ఉచితముగా తాళములు పంచుచు, వారి సమ్మతి మీదనే ఎక్కువగా ఆధారపడుచున్నది. ఆయుధమును ఎడబాయక కాపాడుకొనుట సైన్యము నేర్పిన మొదటి పాఠము. ఆపత్కాలమున దానిని మరియొకరి చేతికిచ్చుట ఓటమి కాదని, ఒక చీకటి గడియను దాటుటకు ఉపాయమని ఆ సైనికునికే నచ్చచెప్పవలసి యున్నది. శాసనము చేయగలిగినదెల్ల ఆ గడియకును, తుపాకికిని నడుమ కొంత దూరము కల్పించుటయే. అంతమాత్రము చేత ప్రాణములు నిలుచునని ఇంగ్లండు, ఇజ్రాయెలు అనుభవములు చాటుచున్నవి.