మొరాయించే కారు చెప్పే చరిత్ర

వానాకాలం ఉదయం. సూరత్ నగరంలోని నవాగామ్‌లో ఒక ఇంటి ముందు పాత ఫియట్ కారు రాత్రంతా వానలో తడిసి నిలబడి ఉందనుకోండి. తెలంగాణ జిల్లాల నుంచి మరమగ్గాల పనికి వెళ్ళి సూరత్‌లో స్థిరపడ్డ కుటుంబాలు ఎన్నో ఉన్నాయి. అలాంటి ఒక ఇంటివారు పెళ్ళికి బయలుదేరారు. తాళంచెవి తిప్పితే ఇంజను గరగర తిరుగుతోంది గాని అందుకోవడం లేదు. చుట్టూ చేరిన వారు తలా ఒక సలహా ఇస్తున్నారు. ‘బ్యాటరీ దిగిపోయింది’ అని ఒకరు, ‘నలుగురు కలిసి నెట్టండి’ అని మరొకరు.

ఇంతలో మెకానిక్ వచ్చాడు. అతను వెంటనే పానా పట్టుకోలేదు. ముందు విన్నాడు, తరువాత వాసన చూశాడు. అతను వేసుకున్న ప్రశ్నలు మూడే. ఇంజను తిరుగుతోందా? నిప్పురవ్వ పుడుతోందా? పెట్రోలు అందుతోందా? ఈ మూడు ప్రశ్నల వెనుక నూట నలభై ఏళ్ళ చరిత్ర ఉంది.

మొదటి మరమ్మతు

కార్ల్ బెంజ్ తన మూడు చక్రాల మోటారు బండికి 1886 జనవరి 29న జర్మనీలో పేటెంటుకు దరఖాస్తు చేశాడు. అయితే దానిని నమ్మి కొనేవారు కరువయ్యారు. 1888 ఆగస్టులో ఆయన భార్య బెర్తా బెంజ్ తన ఇద్దరు కొడుకులను ఎక్కించుకుని, భర్తకు చెప్పకుండానే మన్‌హైమ్ నుంచి ఫోర్ట్‌స్‌హైమ్‌కు బయలుదేరింది. దూరం సుమారు 100 కిలోమీటర్లు.

దారిలో ఇంధనపు గొట్టం పూడుకుపోతే ఆమె తన టోపీ పిన్నుతో పొడిచి శుభ్రం చేసింది. నిప్పురవ్వనిచ్చే తీగ మీది తొడుగు అరిగిపోతే మేజోడు కట్టుకునే పట్టీని దానికి చుట్టింది. ఇంధనం అయిపోతే వీస్లోఖ్ అనే ఊళ్ళో మందుల దుకాణంలో కొనుక్కుంది. ఒకటి పెట్రోలు దారి, మరొకటి విద్యుత్తు దారి. నేటికీ పాత కారు మొండికేస్తే మెకానిక్ వెతికేది ఈ రెండు దారులనే. మోటారు బండి దూరప్రయాణానికి పనికివస్తుందని లోకానికి తెలిసింది ఈ ప్రయాణంతోనే.

చేయి విరిచే హ్యాండిల్

పెట్రోలు ఇంజను తనంతట తాను మొదలుకాలేదు. పిస్టను కిందికి దిగి మిశ్రమాన్ని పీల్చుకోవాలి, పైకి వచ్చి దాన్ని నొక్కాలి. ఆ తరువాతే రవ్వ దాన్ని మండించగలదు. కనుక ముందుగా ఎవరో ఒకరు ఇంజనును తిప్పి తీరాలి. చాలా ఏళ్ళపాటు ఈ పని హ్యాండిల్‌తో చేతి బలం మీద జరిగింది. రవ్వ సమయానికి ముందే పడితే ఇంజను వెనక్కి తన్నేది. అలా చేతులు విరిగినవారు ఎందరో! బలం చాలని వారికి కారు అందని వస్తువుగానే ఉండేది.

ఈ బాధను తప్పించినవాడు అమెరికా ఇంజనీరు చార్లెస్ కెటరింగ్. ఆయన రూపొందించిన విద్యుత్ స్టార్టరును 1912 నమూనా కాడిలాక్ కార్లలో అమర్చారు. మనవాళ్ళు ‘సెల్ఫ్’ అని పిలిచేది దీన్నే. అయినా హ్యాండిల్ వెంటనే మాయం కాలేదు. మన అంబాసిడర్ కారుతో పాటు అది ఎన్నో ఏళ్ళు తిరిగింది.

సెల్ఫ్ తిరగకపోతే హెడ్‌లైట్లు వేసి తాళంచెవి తిప్పి చూడాలి. దీపాలు బాగా మసకబారితే బ్యాటరీ నీరసించిందని గాని, దాని టెర్మినళ్ళు చిలుము పట్టాయని గాని అనుమానించాలి. దీపాలు ఏమీ తగ్గకుండా, సెల్ఫ్ కూడా పలకకపోతే కరెంటు దానిదాకా వెళ్ళడం లేదన్నమాట.

12 వోల్టుల నుంచి వేల వోల్టులకు

మన కథలోని ఫియట్‌లో సెల్ఫ్ చక్కగా తిరుగుతోంది. కనుక రెండో ప్రశ్న, నిప్పురవ్వ. బ్యాటరీలో ఉన్నది 12 వోల్టులే. ప్లగ్గు మొనల మధ్య, నొక్కుకుపోయిన మిశ్రమంలో రవ్వ దూకాలంటే వేల వోల్టులు కావాలి. దీనికి దారి చూపింది 1831లో మైకేల్ ఫారడే కనుగొన్న విద్యుదయస్కాంత ప్రేరణ. కాయిల్‌లోని ప్రాథమిక చుట్టలో పారే కరెంటును పాయింట్లు హఠాత్తుగా తెంచుతాయి. అయస్కాంత క్షేత్రం కుప్పకూలుతుంది. వేల చుట్లున్న రెండో చుట్టలో అధిక వోల్టేజి పుడుతుంది. డిస్ట్రిబ్యూటరు దాన్ని వరుసగా ఒక్కొక్క ప్లగ్గుకు పంచుతుంది. 1902లో బాష్ సంస్థలో గాట్లోబ్ హోనోల్డ్ అధిక వోల్టేజి మాగ్నెటోను తయారుచేశాడు. తరువాత కెటరింగ్ పద్ధతి, అంటే బ్యాటరీ, కాయిల్, పాయింట్ల పద్ధతి, దశాబ్దాల పాటు రాజ్యమేలింది.

అధిక వోల్టేజికి తేమ శత్రువు. డిస్ట్రిబ్యూటరు మూతలో చెమ్మ చేరితే కరెంటు ప్లగ్గుకు పోకుండా తడి దారిన జారిపోతుంది. పాయింట్లు కాలి నల్లబడినా, వాటి మధ్య సందు మారినా రవ్వ బలహీనపడుతుంది.

పెట్రోలు ఎక్కువైనా కష్టమే

మూడో ప్రశ్న పెట్రోలు. పూర్తిగా మండాలంటే ఒక పాలు పెట్రోలుకు బరువులో సుమారు 14.7 పాళ్ళ గాలి కావాలి. జెట్టు ద్వారా ఇంధనాన్ని తుంపరగా చిమ్మే కార్బ్యురేటరును విల్‌హెల్మ్ మైబాక్ 1893లో రూపొందించాడు. చల్లని ఇంజనులో పెట్రోలు సరిగా ఆవిరి కాదు. అందుకే చోక్ లాగి గాలి తగ్గించి మిశ్రమాన్ని చిక్కగా చేస్తారు. పదేపదే లాగితే మాత్రం ప్లగ్గులు తడిసి ముద్దవుతాయి. విప్పిన ప్లగ్గు తడిగా ఉండి పెట్రోలు వాసన వేస్తే ఇంధనం అందుతోంది, మండడం లేదు. పొడిగా ఉంటే పంపు, గొట్టం, జెట్టు వెతకాలి. మండువేసవిలో గొట్టంలోని పెట్రోలు ఆవిరై దారి మూసేస్తే, పంపు మీద తడిగుడ్డ వేసి చల్లబరచడం పాత డ్రైవర్లకు తెలిసిన చిట్కా.

ఈ పరీక్షలు అనుభవజ్ఞుల సమక్షంలోనే చూడండి. పెట్రోలు ఆవిరి ఉన్నచోట చిన్న రవ్వ చాలు, ప్రమాదానికి.

ఇప్పుడు కొత్త కార్లలో కార్బ్యురేటరూ లేదు, పాయింట్లూ లేవు. కంప్యూటరే ఇంధనాన్ని కొలిచి చిమ్ముతుంది. పాత కార్లకు కొత్త చిక్కు ఒకటి వచ్చింది. 2023లో మన దేశంలో 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలు అమ్మకం మొదలై విస్తరించింది. ఇథనాల్ నీటిని పీల్చుకుంటుంది, పాత రబ్బరు గొట్టాలను చెడగొట్టవచ్చు. అంబాసిడర్ తయారీ 2014లో ఆగిపోయింది. వాటి నాడి తెలిసిన మెకానిక్కులూ తగ్గిపోతున్నారు.

మన ఫియట్ మాటేమిటి? మెకానిక్ ఒక ప్లగ్గు విప్పి చూశాడు. తడిగా ఉంది, పెట్రోలు వాసన వేస్తోంది. అయితే లోపం రవ్వదే! డిస్ట్రిబ్యూటరు మూత తీశాడు. లోపల చెమ్మ మెరుస్తోంది. పొడిగుడ్డతో తుడిచాడు, ప్లగ్గులు ఆరబెట్టి బిగించాడు. ఈసారి తాళంచెవి తిప్పగానే ఇంజను అందుకుంది. పెళ్ళివారు బయలుదేరారు. కొత్త సామాను ఒక్కటీ కొనలేదు. పని చేసిందల్లా ప్రశ్నల వరుసే.