పౌడర్ డబ్బా వెనక కథ

ఈ వారం ఎపిసోడ్ వినే టైం దొరకనివాళ్ల కోసం అసలు సంగతి ఇక్కడ రాస్తున్నా.

మా రూమ్‌లో తమ్ముడొకడు బరువు తగ్గుదామని పౌడర్ డబ్బా తెచ్చుకున్నాడు. రెండు పూటలా అన్నం మానేసి అదే తాగుతాడట. వాడికి షుగర్ గోళీలు నడుస్తున్నాయి. "ఆగు తమ్మీ, ముందు దీని కథ విను" అన్నా.

భోజనం బదులు తాగే పౌడర్లు కొత్తవి కావు. 1959లో అమెరికాలో మీడ్ జాన్సన్ కంపెనీ 'మెట్రెకాల్' తెచ్చింది. రోగులకు బలం కోసం చేసిన పౌడర్ నుంచే ఇది పుట్టింది. రోజుకు మొత్తం 900 కేలరీలే. జనం ఎగబడి కొన్నారు.

1970లలో ఇంకో రకం వచ్చింది. పశువుల తోలు వంటివాటి నుంచి తీసిన ప్రోటీన్ ద్రవం. తిండి పూర్తిగా మాని అదే తాగినవాళ్లలో సుమారు 60 మంది చనిపోయినట్టు లెక్కకొచ్చింది. చాలామందికి గుండె కొట్టుకోవడంలోనే తేడా వచ్చింది.

1988లో టీవీ యాంకర్ ఓప్రా విన్‌ఫ్రే ద్రవాహారంతో 30 కిలోలు తగ్గింది. అంత కొవ్వును చిన్న బండిలో పెట్టి స్టేజి మీదికి లాక్కొచ్చి చూపింది. మామూలు తిండికి వచ్చాక బరువు మళ్లీ పెరిగింది.

మరి ఈ పద్ధతి పనికిరాదా? పనికొస్తుంది. 2017లో బ్రిటన్‌లో 'డైరెక్ట్' అనే పరిశోధన ఫలితం వచ్చింది. రోజుకు సుమారు 850 కేలరీల సూప్‌లు, షేక్‌లు, మూడు నుంచి ఐదు నెలలు. ఏడాదికి 46 శాతం మందికి మందుల్లేకుండానే షుగర్ అదుపులోకి వచ్చింది. 2020లో మనం ఉంటున్న ఖతార్‌లోనే చేసిన ఇంకో పరిశోధనలో 61 శాతం మందికి అలా జరిగింది. వాళ్లు 50 ఏళ్ల లోపువాళ్లు, షుగర్ వచ్చి మూడేళ్లు దాటనివాళ్లు.

తేడా ఎక్కడుంది? ఇక్కడ డాక్టర్లు ముందే గోళీల సంగతి చూశారు. తర్వాత మామూలు తిండిని మెల్లమెల్లగా తిరిగి అలవాటు చేశారు. సెంట్రింగ్ ఎప్పుడు, ఎలా విప్పాలో తెలియకపోతే స్లాబ్ ఏమవుతుందో మనకు తెలుసు కదా. ఇదీ అంతే.

షుగర్ గోళీ వేసుకుని తిండి తగ్గిస్తే కొందరికి షుగర్ ఒక్కసారిగా పడిపోతుంది. చెమట, వణుకు, కళ్లు తిరగడం. ఎండలో, స్కాఫోల్డింగ్ మీద ఉన్నప్పుడు అలా అయితే? ఎండ దెబ్బ అనుకుంటాం, మనిషి పోతాడు.

మా తమ్ముడు డబ్బా పక్కన పెట్టాడు. శుక్రవారం గోళీల చీటీ, డబ్బా రెండూ పట్టుకుని డాక్టర్ దగ్గరికి పోతున్నాం. మీరూ అదే చేయండి.