నాంపల్లిలో పల్లె ఎక్కడ?

ఆదివారం పొద్దున ఆబిడ్స్‌లో మూసి ఉన్న షాపుల ముందు పాత పుస్తకాలు పరుస్తారు. మొన్నొక ఆదివారం వంటల పుస్తకం కోసం వెతుకుతూంటే, 1961 నాటి హైదరాబాదు జిల్లా జనాభా లెక్కల పుస్తకం చేతికి తగిలింది. “బీరువాలో చోటుందా?” అన్నారు మావారు. చోటు సంగతి తరువాత చూద్దామని కొనేశాను.

పక్కనే ఉన్న నాంపల్లి పేరు చూడండి. గోల్కొండ కొలువులోని నేక్‌నామ్ ఖాన్ పేరు మీదుగా వచ్చిందంటారు. ఖాన్‌గారి పేరు అరిగి “నాం” మిగిలింది గాని, “పల్లి” చెక్కుచెదరలేదు. ఆబిడ్స్‌కేమో ఆరో నిజాం దగ్గర పనిచేసిన ఆల్బర్ట్ ఆబిడ్ పెట్టిన దుకాణం పేరు. ఒకటి పల్లె పేరు, ఒకటి కొట్టు పేరు. రెండూ నడిబొడ్డు పట్నమే. 1978 ఆగస్టు 15న జిల్లాను రెండు చేసినప్పుడు నగరం ఒక జిల్లా అయింది. చుట్టూ ఉన్న ఊళ్ళన్నీ తరువాత రంగారెడ్డి జిల్లాగా పేరుపడ్డ రెండోదానిలోకి పోయాయి. 2011 లెక్కల్లో హైదరాబాదు జిల్లా 217 చదరపు కిలోమీటర్లు. అందులో పల్లె నేల సున్నా!

అసలు దేశంలో పల్లె నేల ఎంతో ఎలా తేలుస్తారు? “ఇదిగో పల్లె” అని ఎవరూ గీత గీయరు. ముందు పట్నమేదో తేల్చుకుంటారు. పిండి జల్లించాక జల్లెట్లో మిగిలిన నూకలా, మిగిలిందంతా పల్లె. మునిసిపాలిటీయో కంటోన్మెంటో ఉంటే సరేసరి, పట్నమే. లేకపోతే మూడు పరీక్షలు: అయిదువేల జనం ఉండాలి, చదరపు కిలోమీటరుకు 400 మంది ఉండాలి, పనిచేసే మగవాళ్ళలో నూటికి 75 మంది వ్యవసాయం కాని పనుల్లో ఉండాలి. డెన్మార్కులో ఇళ్ళు దగ్గరదగ్గరగా ఉండి 200 మంది ఉంటే చాలట, పట్నం కిందే లెక్క!

ఈ జల్లెడతో జల్లిస్తే 2011లో మన జనంలో నూటికి 31 మంది పట్టణవాసులు. నేల మాత్రం 32.87 లక్షల చదరపు కిలోమీటర్లలో పట్టణాలది సుమారు లక్ష, అంటే నూటికి మూడు పాళ్ళు. అడవీ, కొండా, ఎడారీ చాలావరకు పల్లె ఖాతాలోనే పడ్డాయి. ఇంకో తమాషా ఏమిటంటే, జిల్లా మొత్తం వైశాల్యం సర్వే ఆఫ్ ఇండియా ఇస్తుంది, ఊళ్ళ వైశాల్యాలు రెవెన్యూవారివి. ఊళ్ళన్నీ కూడినా జిల్లా మొత్తంతో సరిపోదు. మా పాలపద్దు కూడా ఇంతే.

మన ఆడవాళ్ళ కొలత ఇంతకంటే నయమేమో! నేలను ఎకరాలు, గుంటల్లో చెప్పినంతకాలం అది పల్లె. గజాల్లో చెప్పడం మొదలెట్టారా, పట్నం వచ్చేసినట్టే. గుంటకు 121 గజాలు. నేల అదే, బేరమే మారింది.

అన్నట్టు ఆ మూడో పరీక్ష మళ్ళీ చదవండి. “పనిచేసే మగవాళ్ళు.” ఆడవాళ్ళ ఊసే లేదు! మగవాళ్ళు ఫ్యాక్టరీకి పోతే, ఆడవాళ్ళంతా పొలంలోనే ఉన్నా ఆ ఊరు పట్నమైపోవచ్చు. ఇది ఊహించి రాస్తున్నది కాదు. మా తోటికోడలుగారి ఊరు సరిగ్గా అలాంటిదే. 1961 పుస్తకంలో పల్లెల పట్టికలో ఉంది. 2011కి పట్టణాల్లో చేరింది. అప్పటికి మునిసిపాలిటీ కూడా లేదు, సర్పంచే. బావగారూ, పిల్లలూ పొద్దున్నే బస్సెక్కి డ్యూటీకి పోతారు. నాట్లూ, కలుపులూ, పాడీ అన్నీ ఆవిడవే.

పుస్తకం తీసుకెళ్ళి చూపించాను. అప్పుడే పొలంనుంచి వచ్చి, తొట్టి దగ్గర కాళ్ళు కడుక్కుంటోంది.

“అక్కయ్యా, మీ ఊరు పట్నమైందట, తెలుసా?” అన్నాను.

“ఎవరు చెప్పారే?” అంది, పిక్కలదాకా అంటిన బురదను పీచుతో రుద్దుకుంటూ.