ఐటీ డైరెక్టర్ పదవికి దారి: రిజర్వేషన్ ఎంతవరకు తోడొస్తుంది?

ఫీజు రీయింబర్స్‌మెంట్‌తో ఇంజనీరింగ్ పూర్తిచేసి హైదరాబాద్, బెంగళూరు కంపెనీల్లో చేరిన మన పిల్లలు ఎందరో ఉన్నారు. వాళ్లలో డైరెక్టర్ స్థాయికి చేరింది ఎంతమంది? కులాలవారీగా ఆ లెక్క బయటపెట్టాలని కంపెనీలను అడిగే చట్టం లేదు. అందుకే ఆ పదవికి దారి ఎలా ఉంటుందో, ఏ మెట్టు దగ్గర కులం అడ్డొస్తుందో విద్యార్థుల కోసం, కార్యకర్తల కోసం ఇక్కడ వివరిస్తున్నాం.

పదవి ఏమిటి?

ఒక సంస్థలోని సర్వర్లు, నెట్‌వర్క్, సమాచార భద్రత, సాఫ్ట్‌వేర్ లైసెన్సులు, వాటికయ్యే బడ్జెట్, వాటిని నడిపే బృందాలు అన్నిటికీ బాధ్యత ఐటీ డైరెక్టర్‌దే. ఇది ఉద్యోగ హోదా. కంపెనీల చట్టం, 2013 చెప్పే బోర్డు డైరెక్టర్ పదవి వేరు.

మెట్లు ఎలా ఉంటాయి?

ఇంజనీర్‌గానో, సిస్టమ్ అడ్మినిస్ట్రేటర్‌గానో మొదలై సీనియర్ ఇంజనీర్, టీమ్ లీడ్, ప్రాజెక్ట్ మేనేజర్, సీనియర్ మేనేజర్ మీదుగా డైరెక్టర్ కావడానికి సాధారణంగా పదిహేనేళ్లు, అంతకు మించీ పడుతుంది. టీమ్ లీడ్ దాకా చేసిన పని చాలావరకు కంటికి కనిపిస్తుంది. ఆ పైన పెద్ద ప్రాజెక్టు ఎవరికిచ్చారు, బడ్జెట్ ఎవరికి అప్పగించారు, క్లయింట్ ముందు ఎవరిని కూర్చోబెట్టారు అన్నవి చూస్తారు. ఇవన్నీ పైవాళ్ల నమ్మకం మీద ఆధారపడి ఉంటాయి. కులం పనిచేయడానికి ఎక్కువ వీలున్నది ఇక్కడే.

చట్టం ఎంతవరకు?

ప్రైవేటు ఉద్యోగాల్లో ఎస్సీ, ఎస్టీలకు రిజర్వేషన్ లేదు. ప్రభుత్వ ఉద్యోగాల్లో 16(4) అధికరణం ఉంది. పదోన్నతుల కోసం 1995లో 77వ సవరణ ద్వారా 16(4ఎ) చేర్చారు. అయితే అదీ పైదాకా రాదు. ప్రభుత్వ బ్యాంకుల్లో స్కేల్-1 ఐటీ ఆఫీసర్‌గా చేరేటప్పుడు రిజర్వేషన్ ఉంటుంది. స్కేల్-1 దాటాక ఎంపిక ద్వారా ఇచ్చే పదోన్నతుల్లో రిజర్వేషన్ వర్తించదని సెంట్రల్ బ్యాంక్ కేసులో సుప్రీంకోర్టు 2016లో చెప్పింది.

ఆధారాలేమిటి?

సుఖదేవ్ థోరట్, పాల్ ఎటువెల్ 2007లో ప్రచురించిన అధ్యయనంలో ఒకే అర్హతలున్న దరఖాస్తులను వేర్వేరు పేర్లతో ప్రైవేటు కంపెనీలకు పంపారు. దళిత ఇంటిపేర్లున్న దరఖాస్తులకు పిలుపులు తక్కువగా వచ్చాయి. వెయ్యి పెద్ద కంపెనీల బోర్డులపై 2012లో వచ్చిన మరో పరిశోధనలో ఎస్సీ, ఎస్టీ సభ్యులు 3.5 శాతమే.

సముద్రం దాటినా కథ మారలేదు. ఒక దళిత ఇంజనీర్‌పై కుల వివక్ష చూపారంటూ 2020 జూన్‌లో కాలిఫోర్నియా ప్రభుత్వ శాఖ సిస్కోపై దావా వేసింది. కంపెనీ ఆరోపణను ఖండించింది. 2023లో ఇద్దరు మేనేజర్లపై కేసు ఉపసంహరించుకున్నా, కంపెనీపై కొనసాగించారు. అదే ఏడాది ఫిబ్రవరిలో సియాటిల్ నగరం కుల వివక్షను నిషేధించింది.

ఏం చేయాలి?

విద్యార్థులకు మేం చెప్పేది: కోడింగ్‌తో ఆగిపోవద్దు. మూడు, నాలుగేళ్ల అనుభవం రాగానే బడ్జెట్ తయారీ, ఆడిట్, కాంట్రాక్టు చర్చల్లో చోటు అడగండి. నోటితో అడిగింది ఈమెయిల్‌లో కూడా పెట్టండి. ఏటా వచ్చే పనితీరు నివేదికల కాపీలు దాచుకోండి. పదోన్నతి ఆగితే కారణం రాతపూర్వకంగా కోరండి. పదిమందిలో కులం పేరుతో కావాలని అవమానిస్తే 1989 నాటి ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం ఉంది. చప్పుడు చేయకుండా పదోన్నతి ఆపేస్తే ప్రైవేటు ఉద్యోగికి అలాంటి ప్రత్యేక చట్టం లేదు.

కార్యకర్తల ముందున్న పని ఆ ఖాళీని పూరించడమే. ప్రైవేటు రంగంలో రిజర్వేషన్ డిమాండ్‌తో పాటు, కంపెనీలు ప్రతి స్థాయిలోనూ కులాలవారీ లెక్కలు ప్రకటించాలన్న డిమాండ్ కూడా గట్టిగా వినిపించాలి. మెరిట్ ప్రకారమే పదోన్నతులు ఇస్తున్నామనే కంపెనీలకు ఆ లెక్కలు చూపడంలో ఇబ్బంది ఉండకూడదు.